విలుకాడి వీపు

విలువిద్య అనగానే మనకు గుర్తొచ్చేవాడు అర్జునుడు. ద్రోణుడు అడిగితే పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడటం లేదన్నాడట. కన్ను సంగతి సరే, ఆ క్షణాన ఆయన భుజం ఎలా ఉందో మనలో ఎవరికీ పట్టలేదు. గురి తప్పినవాడు కంటిని తిట్టుకుంటాడు, లేదా కండలు పెంచుదామని డంబెల్స్ ఎత్తుతాడు. నిజానికి చాలాసార్లు లోపం భుజం దగ్గరే ఉంటుంది.

ముందు చిన్న లెక్క. ఒలింపిక్ పోటీలో లక్ష్యం 70 మీటర్ల దూరాన ఉంటుంది. 10 మార్కుల వృత్తం వ్యాసం 12.2 సెంటీమీటర్లు. అంటే కేంద్రం నుంచి 6.1 సెంటీమీటర్లు దాటితే పది పోయినట్టే. సమరూప త్రిభుజాల ప్రకారం 70 మీటర్ల దగ్గర 6.1 సెంటీమీటర్లంటే, ఒక మీటరు దగ్గర 0.87 మిల్లీమీటరు! బాణం పొడవు మీటరు కూడా ఉండదు. దాని ఒక కొస కదలకుండా రెండో కొస ఆ కాస్త జరిగితే చాలు, పది చేజారుతుంది. వడ్లగింజ మందం అంతకంటే ఎక్కువే.

మన చెయ్యి ఎంత నిలకడగా పట్టినా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది. కండరంలోని పోగులు వంతులవారీగా బిగుస్తుంటాయి. అలిసేకొద్దీ ఆ వంతులు చెడి వణుకు పెద్దదవుతుంది. పురుషుల రికర్వ్ విల్లు పూర్తిగా లాగితే వేళ్ళ మీద సుమారు 20 కిలోల బరువు పడుతుంది. మొదటి రౌండులోనే 72 బాణాలు వెయ్యాలి.

మా ఊళ్ళో నూతిలో నీళ్ళు తోడేవాళ్ళను చూస్తే కిటుకు అర్థమవుతుంది. కొత్తవాడు చేతులతోనే లాగుతాడు. నాలుగు చేదలకే ఆయాసం. అలవాటున్నవాళ్ళు వీపుతో లాగుతారు. విలుకాడూ అంతే. మోచెయ్యి బాణానికి సూటిగా వెనక్కి రావాలి. రెక్క ఎముకలను దగ్గరికి జరిపే వీపు కండరాలు బరువు మొయ్యాలి. విల్లు పట్టిన చెయ్యి తిన్నగా, ఆ భుజం కిందికి దిగి ఉంటే తోపుడు ఎముకల మీదుగా ఒంట్లోకి పోతుంది. భుజం చెవి వైపు లేచిందా, కీలు పైనున్న స్నాయువు ఎముకల మధ్య నలుగుతుంది. విలుకాండ్రకు తరచూ వచ్చే భుజం నొప్పికి ఇదొక కారణం. ఆ నొప్పిని పంటి బిగువున భరించి సాధన సాగించడాన్ని మన మిత్రులు పట్టుదల అంటుంటారు. నలిగిన స్నాయువుకు ఆ మెప్పు అక్కరలేదు.

ఇక నారి వదలడం. వేళ్ళు విప్పబోతే నారి పక్కకి జరుగుతుంది. వేళ్ళ బిగువు సడలిస్తే చాలు, నారే వాటిని తోసుకుని పోతుంది. వీపు మాత్రం లాగుతూనే ఉండాలి. విల్లుకి క్లిక్కర్ అనే సన్నని రేకు ఉంటుంది. సరిపడా లాగాక బాణం మొన దాని కిందినుంచి జారి 'టిక్'మంటుంది, అప్పుడే వదలాలి. ఎందుకింత పట్టింపు అంటారా? సెకనుకు 60 మీటర్ల వేగంతో వెళ్ళే బాణం 70 మీటర్లు చేరేలోపు భూమ్యాకర్షణ వల్ల, వదిలిన దిశకు సుమారు 6.7 మీటర్లు దిగుతుంది. లాగిన పొడవు తగ్గి వేగం నూటికి ఒక వంతు పడిపోయినా బాణం 13 సెంటీమీటర్లు కిందికి పోతుంది. గాలి నిరోధం ఈ లెక్కలో కలపలేదు సుమా!

కాంపౌండ్ విల్లుకు కొసల్లో ఉండే కప్పీలు, పూర్తిగా లాగాక పట్టు బరువును బాగా తగ్గిస్తాయి. అందుకని తేలికనుకోకండి, అక్కడ 50 మీటర్ల దూరాన పది వృత్తం 8 సెంటీమీటర్లే. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ విల్లుతోనే.

తుపాకీకీ ఎముకే ఆధారం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో, పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు! కుడిచేతివాటం వాళ్ళు ఎడమ మోచెయ్యి తుంటికి ఆనించి బరువును ఎముకల మీదుగా నేలకు దింపుతారు, ఊపిరి కొంత వదిలి నిలుపుతారు. అయినా గుండె కొట్టుకున్నప్పుడల్లా గొట్టం కొస కదులుతుంది. గుండె వేగాన్నీ వణుకునూ తగ్గించే బీటా బ్లాకర్ మందులు పరుగుపందెం మనిషికి నష్టమే చేస్తాయి. తుపాకీ, విల్లు పోటీల్లో మాత్రం అవి నిషిద్ధం.