బధిరుల కళయందు ప్రతిశీర్షము

ముఖముపై ధరించు కృతకముఖమునకు నాట్యశాస్త్రమున ప్రతిశీర్షమని పేరు. పురూలియా, సరాయికేలా ఛౌ నర్తకులు దీనిని ధరించి, ముఖమున చూపలేని భావమును మెడచేతను భుజములచేతను తెలుపుదురు. బధిరుడు దీనిని నిర్మింపబూనినప్పుడు మాత్రము ఒక చిక్కు కలుగును.

సంజ్ఞాభాష చేతులతోనే ముగియునని వినగలవారి భ్రమ. అమెరికను సంజ్ఞాభాషకు స్వతంత్రమైన నిర్మాణము కలదని 1960లో విలియం స్టోకీ చూపెను. అందు ముఖమునకు గల స్థానమును తరువాతివారు నిరూపించిరి. అవును, కాదు అని బదులు కోరు ప్రశ్నకు కనుబొమలు పైకి లేచును. ఎవరు, ఎక్కడ అను ప్రశ్నకు ముడివడును. 'వచ్చినాడు' అనుదానిని 'వచ్చినాడా' అని మార్చు మన దీర్ఘము చేయు పనిని అక్కడ కనుబొమ చేయుచున్నది. కావున ముఖమును కప్పుట వారికి వ్యాకరణమును కప్పుటయే. 2020లో అంటువ్యాధివలన లోకము నోరు కప్పుకొన్నప్పుడు బధిరులు పడిన ఇబ్బంది ఇట్టిదే.

వేరొక ముసుగు అంతకుముందే వారికి తొడగబడినది. 1880లో మిలాను నగరమున సమావేశమైన ఉపాధ్యాయులు, దాదాపు అందరును వినగలవారే, బధిర పాఠశాలలలో నోటిమాటకే పట్టము గట్టిరి. సంజ్ఞ చేసిన బాలురు శిక్షింపబడిరి. వినువారివలె నటించుటయే విద్యయయ్యెను. బెట్టీ మిల్లరు 1972లో చిత్రించిన 'ఏమ్‌స్లాన్ ప్రొహిబిటెడ్' అను చిత్రమున సంకెలలు పడిన చేతులు, తెగిన వ్రేళ్లు కనబడును.

1989 మే మాసమున వాషింగ్టనులోని గాలాడెట్ విశ్వవిద్యాలయమున మిల్లరుతో కూడ తొమ్మండుగురు కళాకారులు 'డీవియా' అను ప్రకటనను వెలువరించిరి. బధిరుడు చేసినదంతయు ఈ కోవకు చెందదు. బధిరానుభవమును వ్యక్తము చేయునదే చెందును. కన్నులు, నోరు, చెవులు, చేతులు అతిశయముగా చూపబడుట, గాఢవర్ణముల వైరుధ్యము దీని లక్షణములని వారు పేర్కొనిరి. ఈ లక్షణములు ప్రతిశీర్షమునకు మిక్కిలి అనువైనవి. పెద్ద కన్నులు, మూయబడిన నోరు, చెవి యుండవలసినచోట అరచేయి: ఇట్టి ముఖము తాను దాచబడినదని చెప్పుటకే నిర్మింపబడును. నా యభిప్రాయమున ఇది ధరించుటకంటె చూపుటకే తగినది. ధరించి సంజ్ఞ చేసినచో ప్రశ్న ప్రశ్నగా తోపదు.

నిర్మాణమునందును ఒక విశేషము కలదు. జీవించియున్నవాని ముఖమునుండి అచ్చు తీయునప్పుడు తడిపిన ప్లాస్టరుపట్టీలు పరచి, ఆరువరకు కన్నులు మూసియుంచవలెను. వినగలవాడు ఆ సమయమున చుట్టునున్నవారి మాటలు వినుచుండును. బధిరునకు కన్ను మూసినంతనే సంభాషణ తెగిపోవును. అందుచే భుజముపై ఒకసారి తట్టిన 'కదలకుము', రెండుసార్లు తట్టిన 'అయినది' అని ముందుగానే ఒప్పందము చేసికొనవలసియుండును.