టైల్సు అంటించే ముందు గోడ వెనక చూడండి!

"దసరాలోపు బాత్‌రూమ్ బాగు చేయించుకోవాలి" అని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నారు కదూ? చిట్టీ డబ్బులు చేతికొచ్చాయి. శ్రీవారు కూడా సరేనన్నారు. ఇంకేం, సాయంత్రం అందరూ కలిసి టైల్సు దుకాణానికి బయల్దేరారు. లేత నీలమా, గోధుమ రంగా అని ఇంట్లో పెద్ద చర్చ!

ఒక్క నిమిషం ఆగండి. టైల్సు చివర్లో చేసే అలంకారం. వాటి వెనక దాక్కున్న గొట్టాలే అసలు బాత్‌రూమ్. గొట్టం కారితే ఎంత ఖరీదైన టైలైనా పగలగొట్టాల్సిందే. బాత్‌రూమ్ మార్పించిన ఆరు నెలలకే పడకగది గోడ చెమ్మగిల్లి, కొత్త టైల్సు మీద సుత్తి దెబ్బలు వేయించుకున్న ఇల్లు మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది.

పైగా పని జరిగినన్ని రోజులూ ఇంట్లో ఉండేది మీరే. ప్లంబరు ఏది అడిగినా మిమ్మల్నే అడుగుతాడు. ఏ సందేహం చెప్పినా "ఏం కాదమ్మా" అనేస్తాడు. ఏమవుతుందో, ఏం కాదో మీకూ కాస్త తెలిసి ఉంటే డబ్బూ మిగులుతుంది, మనశ్శాంతీ మిగులుతుంది.

మన శంషాబాద్ ఇళ్ళ తీరు

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కి తరలి వచ్చింది. దాదాపు 5,500 ఎకరాల విమానాశ్రయం పక్కకి రాగానే బెంగుళూరు రోడ్డు పక్కనున్న ఊరి రూపమే మారిపోయింది. అద్దెకివ్వడానికి వెనక పోర్షన్లు, పైన గదులు లేచాయి. అయినా పాత ఊళ్ళోనూ, సాతంరాయి, పాలమాకుల, మామిడిపల్లి వంటి చుట్టుపక్కల ఊళ్ళలోనూ వెనకటి ఇళ్ళు ఇంకా కనిపిస్తాయి. మట్టితోనో సున్నంతోనో కట్టిన మందపాటి గోడలు, నేల మీద షాబాద్ బండలు, దొడ్లో విడిగా స్నానాల గది.

ఆ దొడ్లోని గదిని ఇప్పుడు పడకగది పక్కకి తెచ్చుకుంటున్నాం. లేదా ముప్పై, నలభై ఏళ్ళ కిందటి బాత్‌రూమ్‌కే కొత్త రూపం ఇస్తున్నాం. రెండింటిలోనూ కొత్త పనిని పాత గొట్టాలకి కలపాలి. చిక్కంతా అక్కడే!

ముందు పప్పు గిన్నె చూడండి

మీ బోరు నీళ్ళలో పప్పు త్వరగా ఉడుకుతోందా? సబ్బు నురగ సరిగ్గా వస్తోందా? నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా? మనది గ్రానైటు రాతి నేల. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండడం మామూలే. గిన్నెలో కట్టిన పొరే గొట్టంలోనూ కడుతుంది.

పాత ఇళ్ళలో ఉండేవి ఎక్కువగా జీఐ గొట్టాలు, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టాలు. ఏళ్ళు గడిచేకొద్దీ పూత పోయి లోపల తుప్పు పడుతుంది. దానిమీద గార పేరుకుంటుంది. అరంగుళం గొట్టంలో చివరికి పెన్సిలు దూరేంత సందే మిగలొచ్చు.

మీ ఇంట్లో గొట్టాలు ఎలా ఉన్నాయో ప్లంబరు రాకముందే మీరే తెలుసుకోవచ్చు. పొద్దున్నే నల్లా తిప్పి మొదటి నీళ్ళు తెల్ల మగ్గులో పట్టండి. ఎర్రగా ఉంటే తుప్పు పట్టిందన్నమాట. ఒక నల్లా తిప్పగానే రెండోదాంట్లో ధార సన్నబడితే పూడుకుపోతోందన్నమాట. ట్యాంకు నిండుగా ఉన్నా, 20 లీటర్ల బకెట్టు నిండడానికి అయిదు నిమిషాలు దాటుతుంటే ఇక ఆ గొట్టాలకి సెలవు ఇచ్చేయండి.

"బాగున్న ముక్క ఉంచేద్దాం, పాడైనంత వరకే మారుద్దాం" అనే సలహా వినిపిస్తుంది. వినకండి. గోడ పగలగొట్టేటప్పుడు పడే దెబ్బలకి పాత గొట్టాల మరలు కదిలిపోతాయి. ఈ రోజు కారకపోయినా రేపు కారతాయి. ట్యాంకు నుంచి నల్లా దాకా ఆ లైను మొత్తం మార్పించడమే మేలు.

వేడినీళ్ళకి సీపీవీసీ గొట్టాలే వేయించండి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది. సీపీవీసీకి అంటించే జిగురు వేరు, పీవీసీ జిగురు వేరు. డబ్బా మీద పేరు మీరే చదవండి.

పెద్ద షవరు మీద మోజుందా?

హోటల్లోలా వానజల్లు కురిసే షవరు పెట్టించుకోవాలని ఎవరికి ఉండదు! కానీ నీళ్ళు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితేనే ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మన డాబా మీది ట్యాంకు షవరుకి రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఆ ఒత్తిడికి పెద్ద షవరులో జల్లు రాదు, చుక్కలే రాలతాయి. ప్రెషరు పంపు పెడితే వస్తుంది. కానీ ఆ పంపుని పాత గొట్టాలకి తగిలిస్తే ఏ కీలు ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. తక్కువ ఒత్తిడికి పనికొచ్చే చిన్న షవరు కొనుక్కుంటే హాయి.

మోరీకి వాటం ముఖ్యం

నీళ్ళు తెచ్చే గొట్టం కన్నా నీళ్ళు పోయే గొట్టం ఎక్కువ ఏడిపిస్తుంది. కమోడ్ నుంచి పోయే నాలుగంగుళాల గొట్టానికి పది అడుగుల దూరంలో రెండు నుంచి మూడు అంగుళాల వాటం ఉండాలి. తక్కువైతే మలం నిలిచిపోతుంది. మరీ ఎక్కువైతే నీళ్ళు ముందే జారిపోయి మలం వెనకబడుతుంది.

అందుకే వాస్తు పేరుతోనో, అందం కోసమో కమోడ్‌ని ఈ మూల నుంచి ఆ మూలకి మార్చే ముందు బాగా ఆలోచించండి. జరిపిన ప్రతి అడుగుకీ వాటం కావాలి, వాటం కోసం నేల ఎత్తు పెరగాలి. చివరికి గది గచ్చు కన్నా బాత్‌రూమ్ గచ్చు ఎత్తయిపోతే, నీళ్ళన్నీ పడకగదిలోకే!

పాత బేసిన్ తీసి కమోడ్ పెట్టించేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. కమోడ్లలో గొట్టం నేలలోకి దిగేవి ఉంటాయి, గోడలోకి పోయేవి ఉంటాయి. మొదటిది ఎస్ ట్రాప్, రెండోది పి ట్రాప్. గోడ నుంచి నేలలోని గొట్టం నడిమధ్యకి ఎన్ని అంగుళాలో కొలిచాకే కమోడ్ కొనాలి. ఆ కొలత కూడా ఉత్త గోడ నుంచి కాదు, టైలు అంటించాక ఉండే గోడ నుంచి. టైలు, దాని వెనక సిమెంటు కలిసి అంగుళం పైనే తినేస్తాయి.

దొడ్లో పాతిన పాత గొట్టాలు కాల్చిన మట్టివైతే వాటి కీళ్ళలోంచి వేపచెట్టు వేళ్ళు దూరి ఉండొచ్చు. బూడిద రంగు ఆస్బెస్టాస్ గొట్టాలైతే పొడిగా కోయనివ్వకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకి చాలా చేటు. తడిపి, ముక్కలు చెయ్యకుండా తీయించండి.

అన్నట్టు, బాత్‌రూమ్‌లో కంపు కొడితే ఫినాయిలు పోస్తాం కదా! కంపుని ఆపేది ఫినాయిలు కాదు, జాలీ కింద నహానీ ట్రాప్‌లో నిలిచే రెండంగుళాల నీరు. ఆ నీరే గాలినీ బొద్దింకలనీ పైకి రానివ్వదు. ట్రాప్ లేకుండా గొట్టం నేరుగా కలిపితే ఎన్ని కడిగినా కంపు పోదు. పుట్టింటికి వెళ్ళి నెల తర్వాత వస్తే ఆ నీరు ఆవిరైపోయి ఉంటుంది. ఒక చెంబుడు నీళ్ళు పొయ్యండి, చాలు.

పాత గోడని అడ్డంగా కొయ్యనివ్వకండి

ఇప్పటి అపార్టుమెంట్లలో బరువంతా స్తంభాలు మోస్తాయి. పాత ఇళ్ళలో గోడలే మోస్తాయి. గొట్టం దాచడానికి గోడలో అడ్డంగా గాడి కొడితే ఆ గోడ బలం తగ్గుతుంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు దాటకూడదని ఇటుక గోడల విషయంలో మన ప్రమాణాలు చెబుతాయి. అంటే తొమ్మిదంగుళాల గోడలో అడ్డగాడి అంగుళంన్నరకి మించకూడదు. మట్టితో కట్టిన రాతి గోడ అయితే అసలు గాడే వద్దు. గొట్టాన్ని పైనే బిగించి సన్నటి ఇటుక వరస కట్టించి టైలు వేయిస్తే సరి.

అసలు ప్రమాదం ఇక్కడుంది!

ఇది రెండుసార్లు చదవండి. కొన్ని పాత ఇళ్ళలో కరెంటు ఎర్తు తీగని విడిగా భూమిలోకి దించలేదు. పక్కనున్న ఇనుప నీళ్ళ గొట్టానికి చుట్టి వదిలేశారు. ఇనుప గొట్టం భూమిలోకి పోతుంది కాబట్టి అన్నాళ్ళూ ఎలాగో గడిచింది. ఇప్పుడు మీరు ఆ గొట్టం తీయించి ప్లాస్టిక్ గొట్టం వేయించారు. ప్లాస్టిక్‌లో కరెంటు పారదు. అంటే ఆ రోజుతో ఇంటికి ఎర్తు పోయినట్టే! బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఎవరికీ ఏ తేడా తెలియదు. ఎప్పుడో గీజరులో తీగ తగిలిన రోజున, తడి చేత్తో నల్లా పట్టుకున్న మనిషికి తెలుస్తుంది.

అందుకే గొట్టాలు మార్పించే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి "ఎర్తు ఎక్కడికి పోతోందో చూపించు అన్నా" అని అడగండి. విడిగా ఎర్తు గుంట తీయించండి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు దారి తప్పగానే అది రెప్పపాటులో ఆపేస్తుంది. ఖరీదైన నల్లాల మీద పెట్టే డబ్బులో కొంత దీని మీద పెట్టండి.

గ్యాసు గీజరుంటే దాన్ని బాత్‌రూమ్ లోపల ఎంతమాత్రం బిగించనివ్వకండి. తలుపు మూసిన చిన్న గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. స్నానానికి వెళ్ళిన మనిషి లోపలే స్పృహ తప్పిపోతుంది.

మూసే ముందు పరీక్ష

గొట్టాలు బిగించగానే సిమెంటు పూయడానికి తొందరపడతారు. మీరు తొందరపడకండి. నల్లాలు రావలసిన చోట్ల మూతలు బిగించి, ప్రెషరు పంపుతో నీళ్ళెక్కించి ఒక రాత్రి ఉంచమనండి. సాయంత్రం ముల్లు ఎక్కడుందో చూసుకోండి. తెల్లారి అక్కడే ఉంటే కారడం లేదన్నమాట.

తర్వాత గచ్చుకి వాటర్‌ప్రూఫింగు. అది గోడ మీదికి కూడా అడుగు ఎత్తు ఎక్కాలి. షవరు దగ్గర ఇంకా పైదాకా రావాలి. ఆరాక జాలీకి గుడ్డ కుక్కి, వరి మడిలో నిలిపినట్టు రెండు రోజులు నీళ్ళు నిలపండి. పక్క గది గోడా, కింది గది పైకప్పూ తడి ఎక్కకపోతేనే టైల్సుకి సెలవివ్వండి.

చివరి గొట్టం ఎక్కడికి పోతోంది?

వీధిలో డ్రైనేజీ లైను లేని చోట అన్నీ సెప్టిక్ ట్యాంకులోకే పోతాయి. ఒక బాత్‌రూమ్‌కి కట్టిన ట్యాంకుకి మూడు బాత్‌రూమ్‌లు కలిపితే పొంగక ఏమవుతుంది? కొత్త కమోడ్ కలిపే ముందు ట్యాంకు ఖాళీ చేయించండి, రెండు మూడేళ్ళకోసారి తీయించండి. ఇంకుడు గుంటకీ తాగే నీళ్ళ బోరుకీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే అరవై అడుగులు ఉండాలి. మన మండలంలో హిమాయత్ సాగర్ వైపు వాలి ఉన్న గ్రామాలూ ఉన్నాయి. ఆ చెరువుని కాపాడడానికి 1996లో వచ్చిన 111 జీవో మీద వాదాలు ఎన్ని నడిచినా, నేల వాలు మాత్రం మారదు కదా!

ట్యాంకు శుభ్రానికి మనిషిని దింపకండి. లోపలి విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మిషను బండినే పిలిపించండి.

గుర్తుంచుకోండి

* పాయింటు లెక్కనా, మొత్తం పనికా అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. చివరి వాయిదా నీళ్ళ పరీక్ష అయ్యాకే ఇవ్వండి.
* గోడ మూసే ముందు టేపు ఆనించి గొట్టాల ఫొటోలు ఫోనులో తీసుకోండి. రేపు అద్దానికి మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి.
* బాత్‌రూమ్ మొత్తానికి ఒక వాల్వు, అందేచోట పెట్టించండి.
* నేలకి నునుపు టైలు వద్దు, గరుకుది తీసుకోండి. కమోడ్ పక్కన పట్టుకోవడానికి ఒక రాడ్డు బిగించండి. అత్తగారు, మామగారు జారిపడకుండా ఉంటారు.
* రెండు మీటల ఫ్లష్ ట్యాంకు పెట్టిస్తే చిన్న అవసరానికి మూడు లీటర్లతో సరిపోతుంది.

పని పూర్తయిన రోజున చుట్టాలొచ్చి "టైల్సు ఎంత బాగున్నాయో!" అంటారు. గోడ వెనక ఏముందో ఎవరూ అడగరు. అయినా పదేళ్ళ తర్వాత ఆ గోడ పొడిగా ఉంటే, ఆ మెచ్చుకోలు మాత్రం పూర్తిగా మీదే!