పాలకుల కోరికయును, నేల వాడుకయును

మదనపల్లె వైపు రైతు ఇంటి పాత కాగితములను, పుంగనూరు కుప్పముల వైపు రైతు ఇంటి పాత కాగితములను ఒకచోట పఱచి చూచినచో ఒక భేదము కనబడును. మొదటి వానిలో సర్కారు పట్టా రైతు పేరనే యుండును. రెండవ వానిలో పుంగనూరు జమీందారునకో, కుప్పము ముఖ్యస్థానముగా గల కంగుంది జమీందారునకో చెల్లించిన శిస్తు రసీదు లుండును. వాన యొకటే, ఎఱ్ఱమట్టి యొకటే; కాగితములు మాత్ర మేల వేఱయ్యెను? ఏలువాడు నేలనుండి యేమి కోరెనో దానినిబట్టియే నేల వాడుక యేర్పడునని మా సమాధానము. దీనిని దూరదేశపు దృష్టాంతముతో ముందు చెప్పి, పిమ్మట మన యూళ్లకు వత్తుము.

ఐరోపావారు అమెరికా ఖండమునకు పోయినప్పుడు అందఱును ఒకే పనికి పోలేదు. స్పెయినువారు వెండి బంగారములను కోరిరి. 1545లో నేటి బొలీవియాలోని పొతోసీ కొండలో వెండి కనబడిన పిమ్మట, చుట్టుప్రక్కల పల్లెల జనులను వంతులవారీగా గనులకు తోలిరి. దున్నవలసిన చేతులు కొండలోనికి పోయిన పల్లెల గతి యేమగునో మన రైతు లూహింపగలరు. ఫ్రెంచివారు 1608లో కెనడాలోని క్వెబెక్కున స్థావర మేర్పఱచుకొని, టోపీలకు పనికివచ్చు బీవరను నీటిజంతువు తోళ్లను కోరిరి. ఆ జంతువునకు అడవి కావలయును, దానిని పట్టుటకు అచ్చటి వేటగాడే కావలయును. కాబట్టి వారు జనమును విస్తారముగ దింపలేదు, అడవి నఱకుటకు అంతగా పూనుకొనలేదు. ఆంగ్లేయులు 1607లో వర్జీనియాలోని జేమ్సుటౌనున దిగి, బంగారము దొరకక, 1612 ప్రాంతమున పొగాకు వేసిరి. పొగాకు నేలసారమును త్వరగా పీల్చును. చేను డస్సిన కొలది లోపలికి జరుగుచు, క్రొత్త యడవి నఱకుచు, అచ్చటి తొలి నివాసుల నేలల నాక్రమించుచు పోయిరి. చాకిరికి ఆఫ్రికానుండి మనుష్యులను కొని తెచ్చిరి.

మన దేశమునకు వచ్చిన ఈస్టిండియా కంపెనీవారు ఇక్కడ కాపురముండి దున్నదలచినవారు కారు. వారికి వలసినది రొక్కపు శిస్తు. సైన్యపు జీతములు దానినుండియే రావలయును. 1800లో నైజామువారు దత్తమండలములను వదలుకొనగా, గుఱ్ఱంకొండ సీమతోపాటు మదనపల్లె ప్రాంతమును కంపెనీ క్రిందికి వచ్చెను. అచ్చటికి కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1802లో సర్వే మొదలిడి 33 అడుగుల గొలుసుతో నేల కొలిపించెను. ఆ గొలుసు పొడవున, వెడల్పున గల చదరమే గుంట. 40 గుంటలు ఒక యెకరము. మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, నడుమ మఱియొకరు లేకుండ రైతుతోనే లెక్క చూచుకొనుట రైతువారీ పద్ధతి. పట్టా రైతు పేర వచ్చుట మేలే. కాని శిస్తు మోయరానిదయ్యెను. మన్రోయే 1807లో నాలుగవ వంతు తగ్గింపవలెనని వ్రాసెను. పైవా రప్పుడు వినలేదు. ఆయనయే 1820లో మదరాసు గవర్నరైన పిమ్మటగాని భారము తగ్గలేదు. పొలములు తిరిగి చూచినవాని మాట కంటె ఖజానా మాటయే గట్టిదని దీనివలన తెలియుచున్నది.

పుంగనూరు, కంగుందులు పాత పాళెగాండ్ర సంస్థానములు. అక్కడ కంపెనీవారు జమీందారునుండి ఏటేట పేష్కషు పుచ్చుకొని తక్కిన వసూలు వారికే వదలిరి. గొలుసు పట్టుకొని చేనిచేనికి పోవు శ్రమ తప్పినది. అచ్చటి రైతు సాగుహక్కు గట్టిపడుటకు 1908 నాటి మదరాసు ఎస్టేట్ల భూమి చట్టము రావలసివచ్చెను. జమీందారీ తొలగుటకు 1948 నాటి చట్టము రావలసివచ్చెను.

రొక్కము వాయిదాకు కట్టవలెనన్నచో రొక్కము తెచ్చు పైరే వేయవలెను. కడపజిల్లాలో నీలిమందు అట్లు ప్రబలెను. 1897లో జర్మనులు కృత్రిమ నీలిని అంగడికి తేగా అది కూలెను. తరువాత వేరుశనగ వచ్చెను. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాయే. మన గింజలు ఫ్రాన్సులోని మార్సేల్సు నూనెమిల్లులకు ఓడలెక్కెను. కిస్తు నాటికి ధర లేకున్నను అమ్మవలయును, లేదా సాహుకారు గడప త్రొక్కవలయును. ఈ ఋణబాధనుగూర్చి మదరాసులో ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో నివేదికలు వ్రాసెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. మన సంఘము పుట్టువు ఆ బాధలోనే కలదు.

కుప్పమువారికి పొతోసీ కొండ అంత దూరము కాదు. పొరుగున కోలారులో 1880 మొదలు జాన్ టైలర్ కంపెనీవారు బంగారము త్రవ్విరి. 2001లో గనులు మూతపడెను. బంగారము పోయినది, సైనైడు మట్టిదిబ్బలు మిగిలినవి.

ఇక చెఱువుల మాట. పూర్వము చెఱువు కట్టించినవానికి, దానిని బాగుచేయుచుండువానికి దశబంధపు ఇనాము నిచ్చువారు. పేరే చెప్పునట్లు పదింట నొకవంతు. కట్ట తెగినచో ఇనాముదారునకే నష్టము గనుక కట్టపై అతని కన్ను ఎప్పుడును ఉండెను. శిస్తు కోరు దొరతనమునకు చెఱువు వలదని కాదు. మాగాణి శిస్తు హెచ్చు గదా. కాని మరమ్మతు ఖర్చు ఈ యేటిది, ఫలము రాబోవు ఏండ్లది. అందుచే రైతులచేతనే పని చేయింపజూచిరి. కట్టకు ముప్పు వచ్చినపుడు వారిని నిర్బంధించుటకును, వాడుకగా చేయవలసిన కుడిమరామత్తు పనికి రానివారినుండి సొమ్ము రాబట్టుటకును 1858లో చట్టము చేసిరి. అదే సంవత్సరమున ఇనాము కమీషనునుకూడ నియమించి, ఏ ఇనాము ఎవరిది, ఏ పనికై యిచ్చినది అని విచారింపజేసిరి.

ఆ విచారణ రిజిష్టరులలో ఏ చెఱువునకు ఏ చేను దశబంధముగ నుండెనో వ్రాయబడియున్నది. నేడు మన మెట్టలలో పండు టమాటయు అమెరికా పంటయే. బోరుబావి నీటితో పండి దూరపు అంగళ్లకు పోవుచున్నది. ఆ బోరులో నీరుండుటకు పైన చెఱువు నిండవలయును. తమ గ్రామపు దశబంధపు చేల వివరము లెఱిగిన సభ్యులు ఆ కాగితముల నకళ్లను సంఘమునకు తెచ్చి చూపినచో, ఏ కట్ట, ఏ తూము ఎవరి పూచీలో నుండెనో ఈ పత్రికలో ప్రకటింతుము.