ఉత్తర తెలంగాణమున క్రైస్తవ శబ్దముల యర్థనిష్పత్తి

పంకజశబ్దమునకు బురదయందు పుట్టినదని యవయవార్థము. అయినను బురదయందు పుట్టిన ప్రతి వస్తువును పంకజము కాదు. లోకవ్యవహారమున తామరకే ఆ పేరు చెల్లుచున్నది. ఇట్టి శబ్దములను యోగరూఢములని శాబ్దికులు వ్యవహరింతురు. ధాతుప్రత్యయములు చూపు నర్థమునకును, జనులు గ్రహించు నర్థమునకును నడుమ నిట్టి యెడము ప్రతి భాషయందును గలదు. ఒక మతము క్రొత్తగా నొక భాషలో ప్రవేశించినప్పుడు ఆ యెడము మఱింత స్పష్టముగా కనబడును. మతబోధకుడు శబ్దము నీయగలడు. దాని యర్థమును మాత్రము వినువారు తమ పొలమునందో, మందయందో, మగ్గమునందో వెదకికొనవలసియున్నది. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల క్రైస్తవుల భాష దీనికి తగిన నిదర్శనము.

తెలుగున సువార్తల యనువాదము తీరదేశమున నారంభమైనది. విశాఖపట్టణమున డి గ్రాంజెస్ అను మిషనరీ, ఆనందరాయరు తోడ్పాటుతో చేసిన యనువాదమునుండి మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున ముద్రితమైనవి. 1818లో క్రొత్త నిబంధన యంతయు అచటనే వెలువడినది. నిజాము రాజ్యపు టుత్తరభాగమునకు వెస్లియను మిషనువారు ఆ శతాబ్ది కడపటి దశాబ్దులలో వచ్చిరి. 1978లో దక్షిణ ఇండియా సంఘమున కరీంనగరు అధ్యక్షఖండమును, 1999లో సీరో మలబారు కతోలికులకు ఆదిలాబాదు మేత్రాసనమును ఏర్పడినవి. తొలుదొల్త ఈ మతమును స్వీకరించినవారిలో మాల, మాదిగ కులములవారే మిక్కిలి. తరతరములుగా అక్షరమునకు దూరముగా నుంచబడిన వారి చేతికి వచ్చిన పుస్తకము తీరదేశపు గ్రాంథికభాషలో నుండెను. కావున వారికి శబ్దార్థముల యెడము రెండింతలయ్యెను.

ఈ శబ్దములను పరిశీలించినచో రెండు తెగలు తేలును. బాప్తిస్మము గ్రీకునుండియు, హల్లెలూయ హీబ్రూనుండియు, పాదిరి పోర్చుగీసునుండియు వచ్చినవి. సిలువ సిరియాభాషలో పుట్టి, తమిళము మీదుగా తెలుగు చేరినది. ఇవి మనకు కేవలరూఢములు. వీనిలో తెలుగువానికి తోచు ధాతువు లేదు. సువార్త, రక్షణ, కృప, సహోదరుడు మున్నగునవి తత్సమములు. వీనిలో సువార్త గ్రీకుశబ్దమునకు అవయవమున కవయవముగా కూర్చిన ప్రతిరూపము. రక్షణశబ్దము విశేషముగా గమనింపదగినది. మోక్షమనగా విడివడుట, రక్షణమనగా కాచుట. అడవిపందులనుండియు పక్షులనుండియు జొన్నచేనిని కాచుటకు మంచెపై రాత్రులు గడపిన రైతునకు ఈ రెండవ మాట సులభముగా బోధపడును. కాచువాడు నిద్రపోరాదని యతడు వేఱొకరు చెప్పకయే యెఱుగును.

విత్తువాని యుపమానమున కొంత చిక్కు కలదు. అందు గింజలు కొన్ని త్రోవప్రక్కను, కొన్ని రాతినేలను, కొన్ని ముండ్లపొదలను పడినట్లు చెప్పబడినది. ఈ ప్రాంతమున జొన్నను, కందిని గొర్రుతో విత్తుట వాడుక. గొర్రుగొట్టమునుండి జాఱిన గింజ చాలులోనే పడును గాని త్రోవలో పడదు. కావున విత్తుటయన్న మాట విన్న రైతు ఆ విత్తువానిని పనితెలియని వానిగా తలచుట సహజము. అయితే నారుమడిలో మొలకవడ్లను చేతితో చల్లుదురు. దానిని ఇచట అలుకుట యందురు. అలుకునప్పుడు కొన్ని గింజలు ఒడ్డుపై పడును, పిచ్చుకలు వానిని తినును. బోధకుడు విత్తుటకు మాఱుగా అలుకుట యన్నచో ఉపమానమంతయు వివరణము లేకయే తెలియును. ఒక్క క్రియాపదముచే పరదేశపు పొలము స్వదేశపు మడియైనది.

కుఱుమలును గొల్లలును గొఱ్ఱెలను మేకలను కలిపి జీవాలందురు. జీవశబ్దము ప్రాణవాచకమై, వీరి వాడుకలో మందకు పేరైనది. క్రైస్తవగ్రంథమున నిత్యజీవము ప్రధానమైన మాట. మందయే బ్రతుకైన వానికి జీవము, జీవాలు అను రెండు మాటల చుట్టఱికము వెంటనే తోచును. పగలంతయు కలిసి మేసిన గొఱ్ఱెలను మేకలను కాపరి తుదకు వేఱుచేయు నుపమానము మత్తయి సువార్త 25వ అధ్యాయమున గలదు. రెంటికిని ఒక్కటే పేరు పెట్టిన భాషలో ఆ వేఱుచేయుట మిక్కిలి పదునుగా వినబడును.

జీవమును బలియిచ్చుటయు వీరికి పరిచితమే. పోచమ్మకు, మల్లన్నకు మొక్కుకొని, కోరిక తీరినపిదప మేకను గాని గొఱ్ఱెను గాని సమర్పించుట యాచారము. దేవుని గొఱ్ఱెపిల్లయను మాట వినినంతనే వారికి ఈ మొక్కే స్ఫురించును. కాని అచట బలి దేవునివలన మనుష్యునికి వచ్చుచున్నది. మొక్కునందలి దిక్కు తలక్రిందైనది. కృపయనగా నేమో ఈ విపర్యయమువలన తెలియునట్లు నిఘంటువువలన తెలియదు. అయినను వాడుకయర్థము బోధకుని యాజ్ఞకు లోబడదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదకు దేవాలయమునకు అన్యమతస్థులు సైతము మొక్కులతోనే వచ్చుచున్నారు.

సిరిసిల్ల నేతపనివారికి యోబు గ్రంథమునందలి యొక యుపమ దగ్గఱది. తన దినములు నేతగాని నాడెకంటె వేగముగా గడచి, ఆశలేక ముగియుచున్నవని యోబు విలపించును. హీబ్రూమూలమున ఆశకు వాడిన 'తిక్వా' అను మాటకు దారమనియు అర్థము కలదు. నాడెలో దారము ముగియుటయు, బ్రతుకున ఆశ ముగియుటయు ఒక్క శ్లేషలో నిమిడినవి. తెలుగు అనువాదమున ఆ శ్లేష నిలువలేదు. కాని పని లేక మగ్గములు ఆగి, అప్పుల బాధతో నేతపనివారు పలువురు ప్రాణములు విడిచిన ఆ పట్టణమున, పండితుడు మూలభాషనుండి తెచ్చి చూపవలసిన యర్థమును సామాన్యుడు తన యింటనే చూచినాడు.

గోదావరిఖని యను నూరిపేరులో ఖని తత్సమము. అందు పనిచేయువారి నోట గని తద్భవము. యోబు గ్రంథము 28వ అధ్యాయమున గనిత్రవ్వువారి వర్ణనము కలదు. మనుష్యుడు చీకటిని తొలగించి, డేగకును తెలియని దారిని దిగి, భూమియడుగున నున్నదానిని వెలికి తెచ్చును. అయినను జ్ఞానము దొరకు చోటు నెఱుగడని దాని సారము. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖనులలో తలపై దీపముతో బొగ్గుగని దిగు కార్మికునకు ఈ యధ్యాయము అలంకారము కాదు, దినచర్య. పైకప్పు కూలునేమో యని యింట నెదురుచూచు భార్యకు, ప్రార్థనలోని కాపాడుమను మాట ప్రతి షిఫ్టునకును క్రొత్తదే.

లోకరంజకములైన కళలును ఈ యర్థనిష్పత్తికి తోడ్పడినవి. పురుషోత్తమ చౌధరి (1803–1890) రచించిన కీర్తనలు రాగతాళములతో తెలుగు సంఘములన్నిట వ్యాపించినవి. చెక్కభజనకును కోలాటమునకును అలవడిన గ్రామజనుల నోట క్రొత్తమతము పాతలయలలోనే పలికినది. 1978లో వెలువడిన 'కరుణామయుడు' చలనచిత్రమును గ్రామములలో తెఱలు కట్టి చూపిరి. క్రీస్తు పాత్రధారి విజయచందరు ముఖమే పలువురకు క్రీస్తు ముఖమైనది. ధాతువు లేని సిలువశబ్దమునకు ఆ తెఱపై కనబడిన బరువే యర్థమైనది. దృశ్యము శబ్దమునకు వ్యాఖ్యాన మగుట మనకు క్రొత్త గాదు. ఒగ్గుకథలును, పటము చూపి చెప్పు కథలును ఈ నేలయందు చిరకాలముగా చేయుచున్న పని యిదియే.

ఇక సహోదరశబ్దము మిగిలినది. ఒక్క యుదరమున పుట్టినవాడని దీని యవయవార్థము. ఊరిబావికి దూరముగా నుంచబడి, ఏకవచనమున మాత్రమే పిలువబడిన వానిని సంఘమున సహోదరుడని పిలిచినప్పుడు, ఆ మాట యతనికి క్రొత్తజన్మము వంటిదైనది. కాని శబ్దము తన యవయవార్థమును అంతట నిలుపుకొనలేదు. ఒకే సంఘమున చేరిన మాల మాదిగల నడుమ పంక్తిభేదమును, వివాహనిషేధమును చాలచోట్ల కొనసాగినవి. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారికి ఆ కులములకు గల హక్కులు చెల్లవు. రాష్ట్రప్రభుత్వము వారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున చేర్చినది. ఊరివారు పాతపేరుతోనే చూచుచుండగా, ప్రభుత్వపు పట్టికలో వేఱొక పేరు కలిగి, ఆదివారమున మాత్రము సహోదరుడగుట యతని స్థితి.

నామపదము సిద్ధమైన యర్థమును, క్రియాపదము సాధ్యమైన యర్థమును తెలుపునని శాబ్దికుల మతము. సహోదరుడు రూపమున నామము. అర్థమున నింకను క్రియయే. రక్షణము, కృప, సువార్త లనునవియు నట్టివే. పుస్తకమున నవి సిద్ధరూపములుగా నున్నవి. వాని యర్థము మడియొడ్డునను, మగ్గముకడను, గనిలోపలను దినదినము సాధింపబడవలసియున్నది. కావున ఈ శబ్దముల కర్థము వ్రాయబూనిన పండితుడు మూలభాషల నిఘంటువులతోపాటు, గొర్రు పట్టినవానిని, నాడె త్రిప్పినవానిని, గనినుండి తిరిగివచ్చినవానిని కూడ ప్రమాణముగా స్వీకరించుట యుక్తము.