చార్మినార్ గుమ్మంలో అక్షరం కనపడాలి!

పాత ఇళ్లల్లో వెండి రూపాయలు ఎక్కువ కాలం నిలవవు. ఆడపిల్ల పట్టగొలుసులకని కొన్ని అవుసలి కొలిమికి పోతాయి. మిగిలినవి పంపకాల్లో తలా ఇన్ని వెళ్తాయి. మా బిచ్కుందలోనూ ఇదే కథ. నాయనమ్మ సందుగలో బట్టసంచిలో దాచిన 46 నాణేలు ఈ దసరాకు నాలుగిళ్లకు చేరబోతున్నాయి. వద్దనే హక్కు నాకు లేదు. అందుకే విడిపోకముందే ఒక్కోదానికి రెండు వైపులా ఫొటోలు తీస్తున్నా. మొత్తం 92. స్టూడియో ఏం లేదు, కిటికీ పక్కన బల్ల, చేతిలో సెల్‌ఫోన్, అంతే!

హాలీ, కల్దార్

మా ఊరు ఇప్పుడు కామారెడ్డి జిల్లా. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రం. మద్నూర్ దాటితే వచ్చే దెగ్లూర్ ఇవాళ మహారాష్ట్రలో ఉన్నా, అప్పుడు అదీ నిజాం ఇలాకానే. రెండు చోట్లా నడిచింది ఒకే డబ్బు... హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని ‘కల్దార్’ అనేవారు. సుమారుగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. మా సంచిలో చార్మినార్ బొమ్మలతో పాటు జార్జి రాజు తలకాయలు కూడా ఉండటానికి కారణం ఇదే.

1903లో హైదరాబాద్ సైఫాబాద్‌లో యంత్రాల టంకశాల మొదలయ్యాక చార్మినార్ రూపాయలు వచ్చాయి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ గుమ్మంలోకి చూడండి. అక్కడ చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలం, ‘ఐన్’ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ కాలం. ఫొటోలో ఆ అక్షరం కనపడలేదంటే అది ఎవరి రూపాయో చెప్పలేం. నా లెక్కలో మంచి ఫొటోకు అదే పరీక్ష.

వెలుతురే సగం పని

ఫ్లాష్ వేస్తే వెండి తళుక్కుమని మెరిసి అక్షరాలు మాయమవుతాయి. ఎదురుగా పడే వెలుతురులో బొమ్మ చదునుగా వస్తుంది. పక్క నుంచి, కాస్త కిందుగా పడాలి. నేను పొద్దున ఎండ నేరుగా రాని కిటికీ చూసుకుని, పైరెక్కలు మూసి కిందివి తెరుస్తా. అవతలి వైపు తెల్లకాగితం నిలబెడితే నీడలు మరీ నల్లగా పడవు.

బల్ల మీద రెండు వైపులా సమానంగా పుస్తకాలు పేర్చి, వాటి మీద ఫోన్‌ను వంతెనలా పెడతా. కింద బూడిదరంగు అట్ట, దాని మీద ఒక రబ్బరు ముక్క, ఆ రబ్బరు మీద నాణెం. అట్టకు ఎత్తుగా ఉంటుంది కాబట్టి అంచు విడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. ఫోన్‌కూ నాణేనికీ మధ్య జానెడు దూరం, రెండింతల జూమ్, రెండు సెకన్ల టైమర్. వేలు తగిలి ఫోన్ కదిలే బాధ ఉండదు.

ఆ తర్వాత వెలుతురును కదపను, నాణేన్నే మెల్లగా తిప్పుతా. ఒకచోట గుమ్మంలో అక్షరం లేచి నిలబడుతుంది. అప్పుడు నొక్కాలి. తర్వాత ఫొటోను నిటారుగా తిప్పి చూసుకోవాలి. వెలుతురు కింది నుంచి వచ్చినట్టుంటే ఉబ్బెత్తు బొమ్మ గుంటలా అనిపిస్తుంది. అలాంటప్పుడు నాణేన్ని తలకిందులుగా పెట్టి మళ్లీ తీయాల్సిందే.

తోమకండి!

ఫొటోకు ముందు చింతపండుతోనో, పళ్లపొడితోనో తోమాలని చాలామందికి ఉంటుంది. దయచేసి వద్దు. గీతలు పడితే పోవు, ఏళ్లకేళ్లుగా ఏర్పడిన నల్లని పొర మళ్లీ రాదు. సేకరించేవాళ్ల దగ్గర విలువా తగ్గుతుంది. అంచులు పట్టుకుని ఎత్తితే చాలు.

ఇంకో మాట. పాత నాణేనికి లక్షలిస్తామంటూ ఎవరైనా ముందుగా ఫీజు అడిగితే నమ్మొద్దు. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని అడుగుతున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

బొమ్మ కింద రెండు మాటలు

ఫొటో తీస్తుంటే నాయనమ్మ పక్కన కూర్చుని నవ్వింది. “ఏందిరా బిడ్డా, పెండ్లిపిల్లకు తీసినట్టు తీస్తున్నవ్?” అంది. కాసేపటికి తనే ఒక రూపాయి పట్టుకుని, “ఇది మా అమ్మ నా కొంగుల కట్టిచ్చింది” అని చెప్పింది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అప్పటి నుంచి ప్రతి ఫొటో కింద బరువు, హిజ్రీ ఏడాదితో పాటు ఆమె చెప్పిన మాట కూడా రాస్తున్నా. 1337 అని ఉంటే 1918-19 అన్నమాట. ఆ లెక్క ఎవరైనా కట్టగలరు. కొంగు సంగతి మాత్రం ఆమె ఒక్కతే చెప్పగలదు.

మా బాబాయి కొడుకు అమెరికాలో ఉంటాడు. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. సూట్‌కేసులో వేసుకుని దేశం దాటించకూడదు. వాడి వాటా ఇక్కడే ఉంటుంది, ఫొటోలు మాత్రం వాడి దగ్గరకు వెళ్తాయి.

మీ ఇంట్లోనూ అలాంటి సంచి ఉంటే, పండక్కి అందరూ కలిసినప్పుడే విప్పండి. కెమెరా సంగతి తర్వాత. ముందు పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.