కవిలెకట్టలలో మన పూర్వులు

తండ్రి, తాత, ముత్తాత అను మూడు పేర్లను శ్రాద్ధకాలమున తడబడక ఉచ్చరింపగల గృహస్థుడు, ఆ మువ్వురకు ముందటివాని పేరేమని యడిగినచో సాధారణముగా నిరుత్తరుడగును. ఇంటివారి స్మృతి ఎచట ఆగిపోవునో అచటినుండి గ్రామలేఖ్యము మనకు దారి చూపగలదు. వంశచరిత్ర రాజులకును జమీందారులకును మాత్రమే కలదను భావము సరికాదు. కొద్దిపాటి చేనుకైనను శిస్తు చెల్లించిన కాపు పేరును ఏ కరణమో యొకడు తన లెక్కలలో వ్రాసికొనుచునే వచ్చెను. ఆ లెక్కలలో పెక్కు నశించినను, నిలిచినవియు తక్కువ కావు.

అన్వేషణమును ఇంటినుండియే ఆరంభింపవలెను. ఇంటిపేరు, గోత్రము, ఇలవేల్పు, పూర్వులు కాపురమున్న యూరు, ఆడపడుచులను ఇచ్చిన గ్రామములు, వీనినెల్ల వృద్ధులనడిగి వ్రాసికొని, పిమ్మట పెట్టె యడుగున నున్న పాత దస్తావేజులను, పంపకపు కాగితములను, జాతకచక్రములను పరిశీలింపవలెను. మన యిండ్లపేర్లలో అనేకములు గ్రామనామములే యగుటచే పూర్వస్థానమును గుర్తించుట కొంత సులభమగును. కాని ఒకే యూరు విడిచిన వేర్వేరు కుటుంబములు అన్యత్ర ఆ యూరిపేరనే పిలువబడుట కలదు గనుక, ఇంటిపేరొక్కటియే బంధుత్వమునకు ప్రమాణము కాజాలదు. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారమువలన ఒకే పేరు తరము విడిచి తరమున మరల మరల కానవచ్చును. కావున తండ్రిపేరును, సంవత్సరమును కలిసి లేని పత్రమును త్వరపడి నమ్మరాదు.

కోస్తా, రాయలసీమ జిల్లాలవారికి మిక్కిలి ప్రయోజనకరమైనవి ఇనాము రిజిస్టర్లు. చెన్నరాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాము కమిషను, అగ్రహారములు, దేవాలయ మాన్యములు, గ్రామసేవకుల మాన్యములు మున్నగువాని హక్కులను ఒక్కొక్కదానినే విచారించి, దాత యెవరు, మొదటి గ్రహీత యెవరు, నాటి యనుభవదారు వయస్సెంత, అతనికిని మొదటి గ్రహీతకును గల సంబంధమేమి అను విషయములను రిజిస్టర్లకెక్కించెను. మాన్యము నిలుపుకొనదలచినవాడు తన వంశక్రమమును అధికారుల యెదుట చెప్పుకొనవలసి వచ్చినందున, పన్ను నిర్ణయమునకై పుట్టిన ఆ రిజిస్టరు నేడు వంశవృక్షమునకు ఆధారమైనది. తెలంగాణమునందు పాత లేఖ్యములు తొలుత పారసీకమునను తరువాత ఉర్దూలోను ఉండుటచే ఆ భాషలెరిగినవారి తోడ్పాటు కావలెను. అచటివారు 1954–55 నాటి ఖాస్రా పహాణీ యను భూమిలెక్కనుండి వెనుకకు నడచుట మేలు.

ఇంకను ప్రాచీనకాలమునకు పోగోరువారికి కైఫీయతులు అను గ్రామవృత్తాంతములు కలవు. సర్వేయరగు కాలిన్ మెకంజీ కొలువున కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను సోదరులును వారి సహాయకులును ఊరూర తిరిగి, దండకవిలెలు అను కరణముల లెక్కపుస్తకములనుండి గ్రామముల పుట్టుకను, మిరాసుదారుల పేర్లను, దానధర్మములను వ్రాయించిరి. 1803లో బొఱ్ఱయ్యయు, 1821లో మెకంజీయు గతించినను ఆ సేకరణము నిలిచినది, పిమ్మట సి.పి. బ్రౌను శిథిలమగుచున్న వ్రాతలకు ప్రతులు తీయించెను.

ఈ పత్రములు చదువువాడు కాలగణనము నెరుగవలెను. ఫసలీ, అనగా శిస్తు సంవత్సరపు, సంఖ్యకు 590 కలిపినచో ఆ ఫసలీ యారంభమైన క్రీస్తు సంవత్సరము దొరకును; ఫసలీ 1270 అనగా 1860–61. ప్రభవాది నామములు అరువదియేండ్లకొకసారి మరలి వచ్చునవి గనుక, ‘నందన కరువున మావారు గుంటూరుసీమ విడిచిరి’ అను ఇంటిమాటను 1832–33 నాటి ఘోరక్షామమునకు అన్వయింపదగును గాని, ఒట్టి ‘నందన’ యని యున్న పత్రము 1892–93 నాటిదియు కావచ్చును. తరముల లెక్క సరిపోయినప్పుడే నిర్ణయము చేయవలెను.

అయితే భూమి లేనివారి మాటయేమి? స్త్రీల మాటయేమి? శిస్తు లెక్కలు వీరిని దాదాపు విస్మరించినవి. పసుపుకుంకుమ క్రింద ఇచ్చిన భూముల దానపత్రములలోను, వితంతువుల భరణపు దావాలలోను కొందరు స్త్రీల పేర్లు దొరకును. ఇక భూమి లేనివారి విషయమున, ఒంగోలు ప్రాంతమున 1878 జులై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అట్టి కుటుంబములవారు క్రైస్తవ సంఘముల పుస్తకములను వెదకవలెను. అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. చెన్నపట్టణమునుండి కూలీలతో బయలుదేరిన ‘ట్రూరో’ నౌక 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరెను. నాటినుండి 1911 వరకు అచటికి పోయిన 1,52,184 మందిలో తెలుగువారును అనేకులు. నౌకాపట్టికలలో స్త్రీపురుష భేదము లేక ప్రతివ్యక్తి పేరు, తండ్రిపేరు, వయస్సు, జిల్లా, గ్రామము వ్రాయబడినవి. స్వగ్రామమున ఏ లెక్కకును ఎక్కని నిరుపేద స్త్రీ, సముద్రము దాటుటకై నౌక యెక్కిననాడు సంపూర్ణ వివరములతో లిఖితయైనది. ఆమె సంతతి నేడు డర్బనునుండి వచ్చి గోదావరి తీరమునందో విశాఖమండలమునందో ఆ యూరిని వెదకుచున్నచో, వారికి దారి చెప్పుట మన ధర్మము.

కావున వంశమును వెదకువాడు ఘనత కొఱకు గాక సత్యము కొఱకు వెదకవలెను. మూలపురుషుడు మంత్రి కాక పాలేరైనచో ఆ మాటనే గౌరవముతో వ్రాయవలెను; ఇంటి కథకును పత్రమునకును పొత్తు కుదరనిచో రెంటిని ప్రక్కప్రక్కన నిలుపవలెను; కుమారులతోపాటు కుమార్తెల శాఖలను కూడ చేర్చవలెను. 1984లో కరణముల వ్యవస్థ రద్దయిన పిమ్మట పూర్వపు కరణముల యిండ్లలో మిగిలిపోయిన కాగితములేవైన నున్నచో, చెదలపాలు కాకమునుపే వానికి ప్రతులు తీయించి పురాభిలేఖాగారమునకో గ్రంథాలయమునకో అప్పగించుట, ఒక్క యింటికి గాక ఊరికంతకును చేయు ఉపకారము. ఏలయన, ఒక యూరి లెక్కలో ఒకరి తాత పేరు ప్రక్కనే మరియొకరి తాత పేరును వ్రాయబడి యున్నది.