మనం చెప్పే మాట కూడా చదువే

మన బస్తీల పిల్లలు ఇప్పుడు పదో తరగతితో ఆగుతలేరు. కొందరు ఎం.ఏ. దాకా పోతున్నారు. మా చెల్లెలి మనవరాలు చంద్రపూర్‌లోనే సోషియాలజీలో ఎం.ఏ. చదువుతోంది. మన జిల్లా కాలేజీలు ఇప్పుడు 2011లో గడ్చిరోలిలో పెట్టిన గోండ్వానా యూనివర్సిటీ కిందికి వస్తాయి. ఆ పిల్ల చదువులో 'గుణాత్మక పరిశోధన' అని ఒక పాఠం ఉంది. నేను నాలుగో తరగతి వరకే చదివినదాన్ని. అయినా ఆ పాఠం మనలాంటోళ్ళ బతుకుల మీదనే నడుస్తదని తెలిసి, అడిగి తెలుసుకొని మీకోసం రాస్తున్నాను.

పరిశోధన రెండు రకాలట. ఒకటి లెక్కలది. ఎంతమంది, ఎంత జీతం, ఎన్నేండ్ల సర్వీసు అని ఫారం నింపి కూడికలు చేస్తారు. అది కూడా కావాలె. లెక్క లేకుంటే సర్కారు వినదు. రెండోది మాటలది. మనిషి ఎట్ల బతికింది, ఎందుకు అట్ల చేసింది అని అడుగుతారు. చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి, కాగితం మీద రాసుకొని మళ్ళీ మళ్ళీ చదువుతారు. ఒకే తీరు మాటలను ఒక దగ్గర చేరుస్తారు, మేము వైండింగులో ఏ నంబరు దారం ఆ పెట్టెలో వేసినట్టే. దీనికి వేలమంది అక్కర్లేదు. ఇరవై ముప్పై మందితో కూడా చేస్తారు. ఎంతమందిని అడిగినా కొత్త సంగతి రాకుంటే ఇక చాలనుకుంటారు.

"ఇదేం చదువు బిడ్డా, ముచ్చట్లు పెట్టుడేనా?" అన్నాను.

"వినుడు నేర్చుకునే చదువు అమ్మమ్మా. నడుమ మాట్లాడొద్దు, జవాబు మనమే అందియ్యొద్దు" అన్నది.

పాఠంలో భాగంగా నన్నే కూర్చోబెట్టింది. మా ఇంటాయన పక్కనే ఉంటే, "తాతా, అమ్మమ్మతోని ఒక్కదానితోనే మాట్లాడాలె" అని బయటికి పంపింది. నేను ఎనిమిది గంటల పాళీ, ఇంత జీతం అని చెప్పి ఊకున్నాను. ఆ పిల్ల లేవలేదు. కొంచెంసేపు ఆగి, "చంటిపిల్ల ఉన్నప్పుడు పనికి ఎట్ల పోయినవ్?" అని అడిగింది.

ఇన్నేండ్లలో ఎవరూ అడగని మాట అది. అప్పటి 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ముప్పై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాల్సి ఉండేది. నేను చేసిన మిల్లులో గది ఉండేది, బోర్డూ ఉండేది. లోపల దారం బస్తాలు ఉండేవి. తనిఖీ రోజున బస్తాలు తీసి ఊయల కట్టేవాళ్ళు. నా బిడ్డ పక్కింటామె చేతిలో ఉండేది. ఇక్కడ పాలు చేపి రవిక తడిసిపోయేది. కొంగు కప్పుకొని దారం ముడి వేసేదాన్ని. ఫారంలో "పసిపిల్లల గది ఉందా?" అని అడిగితే "ఉంది" అని టిక్కు పడుతుంది. ఆ టిక్కు వెనకున్నది బయటికి రావాలంటే ఇట్ల కూర్చొని వినాల్సిందే.

ఇట్ల విని రాసిన పుస్తకాలు మనవాళ్ళవీ ఉన్నాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళను కలిసి, వాళ్ళ మాటల్లోనే హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మాటలు అందులో ఉన్నాయి. ముంబై మిల్లుల సంగతి తీసుకోండి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ లెక్క అందరికీ తెలుసు. గిరణ్‌గావ్ కార్మికుల నోటి మాటలను మాత్రం నీరా అడార్కర్, మీనా మీనన్ సేకరించి 2004లో ఇంగ్లీషు పుస్తకం వేశారు. ఇప్పుడు ఆ మిల్లుల జాగాల్లో చాలాచోట్ల మాల్‌లు, ఆఫీసులు లేచాయి. అక్కడ పనిచేసినోళ్ళ మాట పుస్తకంలో మిగిలింది.

మాట్లాడాలంటే భయం ఉంటది. బకాయిల కేసు నడుస్తుంటే ఏమైనా అవుతుందేమోనని మా ఇంటాయన కూడా జంకాడు. అందుకే ఈ చదువులో కొన్ని నియమాలు నేర్పుతారు. అవి మనకూ తెలిసి ఉండాలి.

ఎవరు, ఏ కాలేజీ, దేనికోసం అని ముందే అడగండి. మన ఒప్పుకోలు లేకుండా రికార్డు చేయకూడదు. మన పేరు, గుర్తుపట్టే వివరాలు మార్చి రాయమనవచ్చు. ఇష్టం లేని ప్రశ్న వదిలేయవచ్చు, నడుమ లేచిపోవచ్చు. ఆధార్ నంబరు, బ్యాంకు పాసుబుక్కు ఇటువంటి ముచ్చటకు అక్కర్లేదు. చదవకుండా సంతకం పెట్టొద్దు. రాసింది తెలుగులో చదివి వినిపించమనండి. మా పిల్ల మరాఠీలో రాస్తోంది. కానీ 'పాలు చేపడం' అన్న మాటను అట్లనే ఉంచి కింద అర్థం రాసింది.

ఇంకో మాట. అత్తమామల ముందు కోడలు, మొగుని ముందు పెండ్లాం అన్నీ చెప్పలేరు. ఇంట్లోవాళ్ళు కాసేపు బయట కూర్చోండి.

ఎవరైనా పిల్ల మీ గుమ్మంలోకి వస్తే ముందు మంచినీళ్ళు ఇవ్వండి. తర్వాత పైన రాసినవి అడగండి. జవాబు సరిగా ఉంటే మాట్లాడండి. మిల్లు రిజిస్టర్లో మన టోకెన్ నంబరే ఉంటది, తక్కినది మనమే చెప్పాలె.